గీత అవతల యానాం

మా మండపేట నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం దాటి ఇంకా తూర్పుగా పోతే, గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే ముందు ఒక ఊరు తగులుతుంది. అదే యానాం. అక్కడివాళ్ళూ తెలుగువాళ్ళే. మనలాగే ఆవకాయ పెడతారు, మనలాగే సంక్రాంతికి ముగ్గులేస్తారు, మనలాగే "ఏవండీ, బావున్నారా?" అని పలకరిస్తారు. చుట్టూ ఆంధ్రదేశమే. అయినా ఆ ఊరి పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి సాగుతుంది!

ఊరి పొలిమేరలో బస్సు ఒక గీత దాటుతుంది. ఆ గీత కంటికి కనపడదు. దానికి ఇవతలి వరిచేనుకీ అవతలి వరిచేనుకీ రంగులో తేడా ఉండదు. పిట్టలు అటూ ఇటూ ఎగురుతూనే ఉంటాయి. కానీ ఆ గీత దగ్గర పన్ను మారుతుంది, అధికారి మారతాడు, చట్టం మారుతుంది. మొత్తం కలిపి ముప్ఫై చదరపు కిలోమీటర్లుండే ఊరు. 2011 జనాభా లెక్కల ప్రకారం యాభై అయిదు వేల పైచిలుకు జనం. ఇంత చిన్న ఊరి చుట్టూ గీసిన ఈ గీత మన అమ్మమ్మల బతుకుల్లో ఎంత పని చేసిందో తెలుసుకుంటే, ఊరి పాలన అంటే కుళాయిలూ వీధిదీపాలూ మాత్రమే కాదని తెలిసొస్తుంది.

అసలు పరాసులు ఇక్కడికెలా వచ్చారు? (ఫ్రెంచివాళ్ళని మనవాళ్ళు వెనకటికి పరాసులనే వారు.) వచ్చింది వ్యాపారానికే. గోదావరి పాయల మీద పడవల్లో సరుకు దిగుతుంది, దగ్గర్లోనే కోరంగి రేవులో ఓడలు ఆగుతాయి, చుట్టుపక్కల పల్లెల్లో మేలురకం నేత ఉంది. ఇంగ్లీషువాళ్ళు పక్కనే ఇంజరంలో బట్టల వ్యాపారం పెట్టుకున్నారు. పరాసులు 1723లో యానాంలో అడుగుపెట్టారు. లాభం లేదనుకుని 1727లో మూటాముల్లే సర్దుకున్నారు. మళ్ళీ 1731లో తిరిగి వచ్చారు. దుకాణం పెట్టి, మూసి, మళ్ళీ తెరిచిన షావుకారు సంగతే అనుకోండి.

తరువాత షావుకారు జమీందారీ మీద కన్నేశాడు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు అప్పగించాడు. బుస్సీ అనే సేనాని ఈ జిల్లాల మీద పెత్తనం చేశాడు. బొబ్బిలి యుద్ధం పేరు చెబితే మనకి తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు, కోటలో ఆహుతైపోయిన ఆడవాళ్ళు గుర్తొస్తారు. 1757 జనవరిలో ఆ కోట మీద ఫిరంగులు పేల్చింది ఈ బుస్సీ సైన్యమే. కానీ ఆ దర్జా ఎన్నాళ్ళో నిలవలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు సేనాని ఫోర్డు, విజయనగరం ఆనందగజపతి కలిసి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించారు. ఆ దెబ్బ తరువాత సర్కార్లన్నీ పరాసుల చేజారిపోయాయి. 1763 పారిస్ సంధిలో వాళ్ళకి తిరిగి దక్కింది ఏమిటయ్యా అంటే, మన సర్కారు తీరాన ఈ యానాం ముక్కా, మచిలీపట్నంలో కాస్త జాగా. రాజ్యం పోయి దొడ్డి మిగిలినట్టు!

ఆ తరువాత కూడా యూరప్‌లో వాళ్ళిద్దరికీ తగాదా వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు వచ్చి యానాం పట్టుకోవడం, అక్కడ సంధి కుదరగానే తిరిగి ఇచ్చేయడం, ఇదే వరస. ఊళ్ళో వాళ్ళకి పొద్దున్నే లేచి ఇవాళ ఎవరి జెండా ఎగురుతోందో చూసుకోవలసిన పరిస్థితి. నెపోలియన్ ఓడిపోయాక, 1816-17 ప్రాంతంలో యానాం మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చింది. ఆ రావడం రావడం 1954 దాకా ఉండిపోయింది.

అప్పటికి ఇంక యుద్ధాలు లేవు. కానీ గీత ఉంది. గీత ఉన్నచోట అటువైపు చెల్లని పని ఇటువైపు చెల్లుతుంది. ముందుగా ఆ గీత దాటి పోయింది మనుషులే. చెరకుతోటల్లో పనికి మనుషులు కావాలని హిందూ మహాసముద్రం అవతల, ఆఫ్రికా పక్కన ఉన్న రీయూనియన్ దీవి నుంచి ఫ్రెంచి దొరలు కబురు పెట్టారు. 1828లో ఓడెక్కి ఆ దీవిలో దిగిన మొదటి చిన్న బృందం యానాం నుంచి వెళ్ళిన తెలుగు కూలీలదే. ఆ దీవిలో వాళ్ళని 'తెలింగా'లని పిలిచారు. మనవాళ్ళు మారిషస్ వెళ్ళారనీ ఫిజీ వెళ్ళారనీ వింటూంటాం. ఆ పెద్ద వలసలన్నిటికీ ముందే మన గోదావరి గట్టు మీంచి ఓడెక్కినవాళ్ళున్నారు. వాళ్ళ వెనక గట్టు మీద నిలబడిపోయిన భార్యల పేర్లూ తల్లుల పేర్లూ చరిత్రలో ఎక్కడా కనపడవు.

1839 నవంబరులో పెద్ద తుఫాను వచ్చి కోరంగిని ముంచేసింది. రేవు మేట వేసుకుపోయింది. వ్యాపారం మెల్లిమెల్లిగా కాకినాడకి మళ్ళింది. యానాం రేవు బతుకు పోయి దస్తరాల ఊరు మిగిలింది. ఓ సెయింట్ ఆన్ చర్చీ, ఓ మసీదు, మీసాలున్న వేంకటేశ్వరస్వామి గుడి, కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట లాంటి పేటలు, దొరగారి కచేరీ. అంతే.

ఇప్పుడు మునిసిపాలిటీ సంగతికి వద్దాం. ఇవతల ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో కాకినాడకీ రాజమండ్రికీ 1866లోనే పురపాలక సంఘాలు వచ్చాయి. వచ్చాయన్న మాటే గానీ మొదట్లో సభ్యుల్ని సర్కారే నియమించేది. పైన కలెక్టరు. ఊళ్ళోవాళ్ళు ఓటు వేసి ఎన్నుకోవడం తరువాత తరువాత, అదీ పన్ను కట్టే కొద్దిమందికే. అవతల యానాంలో కథ వేరు. 1880లో ఫ్రెంచి ప్రభుత్వం తన ఇండియా భూములన్నిటికీ కలిపి పది పురపాలక సంఘాలను ఏర్పాటు చేసింది. అందులో యానాం ఒకటి. సభ్యుల్ని మగవాళ్ళు ఓటు వేసి ఎన్నుకోవచ్చు. పన్ను కట్టాలన్న నిబంధన లేదు. పురపాలక భవనాన్ని 'మేరీ' అనీ, సంఘానికి పెద్దని 'మేర్' అనీ అనేవారు.

ఎంత బాగుంది అనిపిస్తోంది కదూ! కాస్త ఆగండి. ఓటర్ల జాబితాలు వేరువేరు. యూరప్ వాళ్ళదొక జాబితా, మనవాళ్ళదొక జాబితా. తెల్లవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే అయినా వాళ్ళ జాబితాకు బరువెక్కువ. వంద మంది బంతిలో కూచుంటే నలుగురికి నేతి మూకుడంతా వంచేసి, మిగతావాళ్ళకి వేళ్ళు తడిపి వడ్డించినట్టన్నమాట. ఆడవాళ్ళ మాట సరేసరి. ఫ్రాన్సులోనే ఆడవాళ్ళకి ఓటు వచ్చింది 1944లో. ఆ యుద్ధం ముగిశాకనే ఫ్రెంచి ఇండియాలోనూ ఆ వేరువేరు జాబితాలు పోయి, ఆడా మగా అందరికీ ఓటు వచ్చింది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ మేరీలో ఒక మంచి అలవాటు ఉండేది. పుట్టుక, పెళ్ళి, చావు, మూడూ ఊరి పుస్తకంలో రాయించాలి. ఇవతల మనకి పిల్ల పుట్టిన సంవత్సరం "గోదారి పొంగిన ఏడాది" అనో "పెద్దన్నయ్య పెళ్ళైన ఏడాది" అనో చెప్పుకునే రోజుల్లో, అక్కడ పిల్ల పేరూ తేదీ పుస్తకానికెక్కేవి. ఇంటిపేరు మోసే మగపిల్లాడి సంగతి వంశవృక్షంలోనైనా ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని రాసుకున్న కాగితం ఊరి దస్తరంలో తప్ప మరెక్కడుంటుంది చెప్పండి?

ఆ ఊరిలోనే ఇంకో కథ కూడా నడిచింది. అది చెప్పుకోవడానికి కాస్త మనసు గట్టి చేసుకోవాలి.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎన్ని శాపనార్థాలు, ఎన్ని వెలివేతలు భరించి ఆ పని చేశారో మనందరికీ తెలుసు. వితంతువులకు పెళ్ళి చెయ్యడం ఎంత ముఖ్యమో, చిన్నపిల్లల్ని వితంతువుల్ని చెయ్యకుండా ఉండడం అంతకన్నా ముఖ్యం. అంటే బాల్యవివాహాలు ఆగాలి. ఆ వాదన నడిచి నడిచి, చివరికి 1929లో హరవిలాస్ శారదా తెచ్చిన బిల్లు చట్టమైంది. దాన్నే శారదా చట్టం అన్నారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకీ, పద్ధెనిమిదేళ్ళు నిండని మగపిల్లాడికీ పెళ్ళి చేస్తే శిక్ష. నెల జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే మాటలు కాదు.

చట్టం అయిన రోజుకీ అమలయ్యే రోజుకీ మధ్య ఆరు నెలలు వ్యవధి ఇచ్చారు. ఆ ఆరు నెలల్లో దేశమంతా పెళ్ళిపందిళ్ళే! ఉయ్యాల్లో పిల్లలకి కూడా ముడిపెట్టారంటారు. ఆ తరువాత 1931లో జనాభా లెక్కలు తీస్తే బాలభార్యల సంఖ్య తగ్గడం మాట అటుంచి పెరిగి కనపడింది. సరే, ఏప్రిల్ వచ్చింది. ఇక దారి లేదు అనుకుంటే, మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక దారి కనపడింది. అదే ఈ గీత.

శారదా చట్టం బ్రిటిషు ఇండియాది. యానాం ఫ్రెంచివాళ్ళది. ఫ్రెంచి ప్రభుత్వం 1819లోనే ఇక్కడి ప్రజలకు మాట ఇచ్చింది: పెళ్ళిళ్ళూ వారసత్వాలూ మీ కుల మతాచారాల ప్రకారమే నడుపుకోండి, మేం జోక్యం చేసుకోం అని. అది మంచికోసం ఇచ్చిన మాటే కావచ్చు. కానీ ఆ మాట చాటున చిన్నపిల్లల మెడల్లో పుస్తెలు పడ్డాయి. పెట్టెలూ బుట్టలూ, పప్పూ ఉప్పూ, పురోహితుడూ మేళగాళ్ళూ, చంకన పెళ్ళికూతురూ, అందరూ కలిసి గీత దాటి యానాం చేరడం, అక్కడ నాలుగు తలంబ్రాలు పోయించి తిరిగి ఇంటికి రావడం. ఎంతమంది ఇలా వెళ్ళారంటే, ఆ ఊరికి 'కల్యాణపురం' అనే పేరు పడిపోయింది.

వినడానికి ఎంత ముచ్చటైన పేరు! పేరు వెనక ఎనిమిదేళ్ళ పిల్లా తొమ్మిదేళ్ళ పిల్లా ఉన్నారని మరిచిపోతే ముచ్చటగానే ఉంటుంది. మా మండపేట ఇటు రాజమండ్రికీ అటు యానానికీ నడుమన ఉంది. అటు తిరిగితే పంతులుగారి ఊరు, ఇటు తిరిగితే కల్యాణపురం. రెండూ ఒక పూట ప్రయాణంలో వచ్చే ఊళ్ళే. ఇంట్లో పెద్దవాళ్ళు బండి ఏ వైపు కట్టమన్నారన్న దాన్ని బట్టి ఒక ఆడపిల్ల బతుకు మారిపోయేది. ఆ రోజుల్లో ఆ పిల్లనెవరడిగారు?

ఇంకో సంగతి కూడా ఉంది. శారదా చట్టం పెళ్ళి చేసినవాళ్ళకి శిక్ష వేసిందే గానీ, జరిగిన పెళ్ళి చెల్లదని అనలేదు. కోర్టులో ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప కేసు లేదు. ఇక ఊరు దాటి జరిగిన పెళ్ళి మీద ఫిర్యాదు చేసేదెవరు? చట్టం కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా, దాని పక్కనే ఒక దొడ్డిగుమ్మం తెరిచి ఉంటే చాలు, జనం అందులోంచే పోతారు. ఆ గుమ్మం మూతపడడానికి చాలా ఏళ్ళు పట్టింది. విలీనం అయి, అన్నీ అయి, చివరికి 1968 చట్టంతో గానీ బాల్యవివాహ నిరోధం పుదుచ్చేరి ప్రాంతానికంతటికీ వర్తించలేదు.

విలీనం అన్నాను కదా, ఆ ముచ్చట చెప్పుకుందాం. 1947లో ఇవతల స్వాతంత్ర్యం వచ్చింది. అవతల ఇంకా ఫ్రెంచి జెండానే. ఒకే గోదావరి, ఒకే భాష, వియ్యపురాళ్ళు ఇటూ అటూ. ఇవతల వాళ్ళు ఆగస్టు పదిహేను చేసుకుంటే అవతల వాళ్ళకి జులై పద్నాలుగు పండగ. ఇలా ఏడేళ్ళు గడిచింది. ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచి ప్రభుత్వంలో పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. ఆ ఉద్యోగం వదిలి విమోచనోద్యమంలోకి దూకాడు. 1954 జూన్ 13న ఆయన ముందు నడవగా జనం జెండాలు పట్టుకుని గీత దాటి యానాంలోకి వెళ్ళారు. కచేరీ మీద మూడు రంగుల జెండా ఎగిరింది. ఆ ఊరి మేయరుగా చేసిన మద్దింశెట్టి సత్యానందం కూడా విలీనం పక్షానే నిలబడ్డారు. ఢిల్లీలో, పారిస్‌లో పెద్దలు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే యానాం తన సంగతి తానే తేల్చేసుకుంది.

ఆ ఏడాది అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరు అనే పల్లెలో ఓటింగు జరిగింది. ఓటు వేసినవాళ్ళెవరు? మహారాజులు కాదు, సేనాపతులు కాదు. ప్రతినిధి సభ సభ్యులూ, మునిసిపల్ కౌన్సిలర్లూ! మొత్తం 178 మంది. అందులో 170 మంది భారతదేశంలో కలుస్తామన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికొచ్చింది. 1956లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్సు పార్లమెంటు ఒప్పుకుని, కాగితాలు మార్చుకుని, చట్టరీత్యా అంతా పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. మనింట్లో పెళ్ళి అయ్యాక అప్పగింతలు ఎనిమిదేళ్ళు జరిగినట్టు!

మా వీధి మురుగుకాలవ సంగతి చూడవయ్యా అని మనం కసురుకునే కౌన్సిలరు ఉంటాడు చూశారూ, అలాంటివాళ్ళు ఒకనాడు ఓటు వేసి ఏ దేశంలో ఉండాలో తేల్చారు. ఊరి సభ్యత్వం చిన్న పదవి అనుకోవడం మన అమాయకత్వం.

అయితే విలీనమైనా గీత చెరగలేదు. యానాం ఆంధ్రలో కలవలేదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిసి 1963 నుంచి కేంద్రపాలిత ప్రాంతంగా ఉండిపోయింది. దాని వల్ల ఊరికి లాభాలున్నాయి. ఆ శాసనసభలో ఎన్నికయ్యే ముప్ఫై మందిలో ఒకరు యానాం తరఫున కూచుంటారు. మన వైపు అంత చిన్న ఊరికి ఒక ఎమ్మెల్యేనా! రోడ్లూ బళ్ళూ ఆసుపత్రీ, ఆ ఊరివాళ్ళు గర్వంగా చూపించుకుంటారు. చూపించుకోవలసిందే.

ఈ గీత మాత్రం మన ఆడవాళ్ళ జోలికి మళ్ళీ ఒకసారి వచ్చింది. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం గుర్తుందిగా! రోశమ్మ లాంటి ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమం పుణ్యమాని 1995 జనవరిలో రాష్ట్రమంతా సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఎన్ని ఇళ్ళల్లో ఆ సంక్రాంతికి నిజంగా పండగ అయిందో! కానీ గోదావరి జిల్లాల మగవాళ్ళకి యానాం బస్సు ఉంది. గీత అవతల దుకాణాలు తెరిచే ఉన్నాయి. అరవై అయిదేళ్ళ కిందట చంకన పెళ్ళికూతుర్ని పెట్టుకు వెళ్ళిన దారినే ఇప్పుడు సంచీ పట్టుకు వెళ్ళారు. 1997లో నిషేధం సడలిపోయింది. అందుకు యానాం ఒక్కటే కారణం అంటే అన్యాయం. ఖజానా బాధలూ దొంగసారా బాధలూ ఎన్నో ఉన్నాయి. కానీ ఆడవాళ్ళు పోరాడి తెచ్చుకున్న చట్టానికి రెండుసార్లూ అదే చోట చిల్లు పడడం మటుకు చరిత్ర.

తప్పు యానాం వాళ్ళదా? కాదు. పిల్లల్ని తీసుకెళ్ళింది ఇవతలివాళ్ళు. సీసాలు మోసుకొచ్చిందీ ఇవతలివాళ్ళే. దుకాణం పెట్టినవాడిది ఎంత పాపమో గానీ, బండి కట్టుకు వెళ్ళినవాడి పాపం ముందు అది కొంచెమే. గీత ఎవరినీ రమ్మని పిలవదు. మన మనసులో మార్పు రాకముందే వచ్చిన చట్టానికి గీత ఒక సాకు, అంతే.

ఇక ఆ ఊరి మునిసిపాలిటీకి తరువాత ఏమైందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1880లోనే ఓటు చూసిన ఆ ఊరికి, 1968 తరువాత పురపాలక ఎన్నికలు లేవు! పుదుచ్చేరి ప్రాంతమంతటా అదే పరిస్థితి. 1973లో కొత్త మునిసిపల్ చట్టం వచ్చింది. 1993లో అమల్లోకి వచ్చిన డెబ్భై నాలుగో రాజ్యాంగ సవరణ ప్రతి పట్టణంలోనూ ఎన్నికైన సంఘం ఉండాలనీ, మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి ఇవ్వాలనీ చెప్పింది. అయినా ఎన్నికలు వచ్చింది 2006లో. ముప్ఫై ఎనిమిదేళ్ళు! ఆ మధ్యలో పుట్టిన పిల్ల పెరిగి, పెళ్ళాడి, తన పిల్లల్ని బడికి పంపుతున్నా తన వార్డుకి సభ్యుడెవరో ఎరగదు. 2006లో గెలిచినవాళ్ళ గడువు 2011లో తీరిపోయింది. 2021లో మళ్ళీ ప్రకటన వెలువడింది గానీ కోర్టు చిక్కుల్లో పడి ఆగిపోయింది.

అధికారులు లేరా, పనులు చెయ్యరా అంటారేమో. చేస్తారు. కొందరు చాలా బాగా చేస్తారు. కానీ అధికారికి బదిలీ ఉంటుంది. కౌన్సిలరుకి బదిలీ ఉండదు. పొద్దున్నే కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడే మనిషికి ఎవరి గుమ్మం ముందుకెళ్ళి అడగాలో తెలియాలి. ఆ గుమ్మం ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎట్లా? అందులోనూ మూడో వంతు సీట్లు ఆడవాళ్ళవని రాజ్యాంగం అన్నాక, ఎన్నిక జరగని ప్రతి ఏడూ కుర్చీ దొరకని ఆడవాళ్ళు కొందరు ఉన్నట్టే లెక్క. నాడు తొమ్మిదేళ్ళ పిల్లని ఎవరూ అడగలేదన్నానే, ఇవాళ అడగడానికి చట్టం సిద్ధంగా ఉండి కూడా సభ లేకపోతే ఆ తేడా ఏముంది?

మన వైపు మునిసిపల్ ఎన్నికలొస్తే "ఆఁ, ఎవరొస్తే ఏముందిలే, వంట కావాలి" అని ఇంట్లో కూచునేవాళ్ళం కొందరం ఉన్నాం. ఈసారి వంట ఒక గంట ఆలస్యమైనా పరవాలేదు. ఓటు చీటీ మీద మన పేరు సరిగా ఉందో లేదో చూసుకుని, వార్డులో నిలబడింది ఎవరో కనుక్కుని మరీ వెళదాం. యానాం వాళ్ళు ఆ వరసలో నిలబడడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎదురుచూశారు.